స్వరం ఒకరిది... సహనం ఇంకొకరిది

పాటలు రికార్డు చేసే స్టూడియోలో కోళ్లగూడు కట్టారు. ఉత్తుత్తి మాట కాదు. చెక్కలు కొట్టి, చుట్టూ ఇనప వల బిగించి, మనిషి పట్టేంత గూడు తయారుచేశారు. అందులో కూర్చుని ఒకాయన గిటారు వాయించాడు.

ఆయన పేరు బకెట్‌హెడ్. మొహానికి తెల్లటి ముసుగు, నెత్తిన వేపుడు చికెన్ అమ్మే అట్ట బకెట్టు. ఈ వేషం లేకుండా జనం ముందుకు రాడు. చేతిలో విద్య మాత్రం అసామాన్యం. 2000లో అమెరికన్ రాక్ బృందం గన్స్ ఎన్ రోజెస్‌లో చేరాడు. అప్పటికే ఆ బృందం ‘చైనీస్ డెమోక్రసీ’ అనే ఆల్బం మొదలుపెట్టి కొన్నేళ్లయింది. గాయకుడు ఆక్సిల్ రోజ్‌కి ఏదీ ఓ పట్టాన నచ్చదు. చేసింది తీసేయమంటాడు, మళ్లీ చేయమంటాడు. పర్యవేక్షించే వాళ్లు మారారు, వాద్యకారులు మారారు. ఎలాగోలా పని ముగించి రమ్మని కంపెనీ ఒక మనిషిని పంపితే, ఆయన చేసిన పనుల్లో ఈ గూడు కట్టించడం ఒకటి. అందులో అయితేనే గిటారు మనిషికి మనసు కుదురుతుందట.

ఖర్చు కోటీ 30 లక్షల డాలర్లు దాటిందని 2005లో న్యూయార్క్ టైమ్స్ రాసింది. అప్పటికి ఆల్బం అతీగతీ లేదు. గూట్లో మనిషి 2004లోనే వెళ్లిపోయాడు. 2008లో డాక్టర్ పెప్పర్ అనే కూల్‌డ్రింకు కంపెనీ, ఈ ఏడాదిలోగా ఆల్బం వస్తే అమెరికాలో దాదాపు అందరికీ తలో డబ్బా ఉచితం అని ప్రకటించింది. రాదని ధీమా కాబోలు. నవంబరులో వచ్చేసింది! డబ్బాల కోసం జనం ఎగబడితే కంపెనీ వెబ్‌సైటు చేతులెత్తేసింది.

గుంటూరు యార్డులో ఏ మిర్చి వ్యాపారికైనా ఈ లెక్క చెప్పి చూడండి. రేటు రావాలని పదేళ్లు సరుకు కోల్డ్ స్టోరేజీలో పెట్టుకున్న బాపతు అనేస్తాడు. అద్దె ఎవరు కట్టారని కూడా అడుగుతాడు. సరిగ్గా అదే అడగాల్సిన ప్రశ్న!

ఇలాంటి కథ వినగానే మన కళ్లు గూట్లో కూర్చున్న మనిషి మీదికే పోతాయి. నాకు మాత్రం ఆ గూడు కట్టిన వడ్రంగిని చూడాలనిపిస్తుంది. రాత్రంతా మెలకువతో రికార్డింగ్ యంత్రం ముందు కూర్చున్న ఇంజినీరును, ఇంటికి ఫోన్ చేసి ఈ రోజు కూడా ఆలస్యమే అని చెప్పిన డ్రమ్ముల అబ్బాయిని పలకరించాలనిపిస్తుంది. తిక్క ఉన్న కళాకారుడి గురించి పుస్తకాలు వస్తాయి. అతనితో కలిసి పనిచేసిన వాళ్ల గురించి ఎవరు రాస్తారు?

మన వైపు రాక్ బృందాలు ఎక్కడివి అంటారా? నిజమే. పత్తి, మిర్చి, పొగాకు పండే ఈ నేలలో బ్యాండు అంటే పెళ్లి బ్యాండే. అయినా ఏ బ్యాండు మాస్టారునైనా కదిపి చూడండి. మంచి క్లారినెట్ వాయించేవాడు వేళకు రాడు. వేళకు వచ్చేవాడు అంత బాగా వాయించడు. ముహూర్తం దగ్గర పడుతున్నా మొదటివాడి కోసం వీధి చివరికి చూస్తూ నిలబడతారు. ఆడపెళ్లివారితో మాట పడేది మాస్టారు. ఈ చిన్న కథే పెద్దదై మద్రాసు స్టూడియోల్లో జరిగింది. అందులో మన జిల్లాల వాళ్లు చాలామందే ఉన్నారు.

ముందుగా ‘మల్లీశ్వరి’. 1951లో వచ్చిన ఈ సినిమాకు దర్శకుడు బి.ఎన్.రెడ్డి. పాటలు దేవులపల్లి కృష్ణశాస్త్రి, సంగీతం సాలూరి రాజేశ్వరరావు. కృష్ణశాస్త్రికి అదే తొలి సినిమా. ఒక్కో మాట ఏరుకుని కూర్చే కవి ఒకవైపు, ఒక్కో స్వరం చెక్కుకునే సంగీత దర్శకుడు ఇంకోవైపు. మధ్యలో ఎవరూ తొందరపడొద్దనే దర్శకుడు. సంగీతానికే ఆరు నెలలు పట్టిందని చెప్పుకుంటారు. ఆ రోజుల్లో ఆరు నెలలంటే కొందరు నిర్మాతలు ఓ సినిమా తీసి విడుదల కూడా చేసుకునేవారు.

కథానాయిక భానుమతి. ప్రకాశం జిల్లాలో ఒంగోలు దగ్గరి దొడ్డవరం ఆడపడుచు. తన పాటలు తానే పాడుకుంటుంది. ఇంకొకరి గొంతుకు పెదవులు కదపడం ఆమెకు నచ్చని పని. అప్పటికే సొంత నిర్మాణ సంస్థ భరణి ఉంది. పాట గురించి ఆమెకు నచ్చజెప్పడం అంటే ఏ సంగీత దర్శకుడికైనా పరీక్షే. రాజేశ్వరరావు అలాంటివారితోనూ పాడించుకున్నారు, మనకు మల్లీశ్వరి మిగిలింది. ఆ తర్వాత భరణి వారి ‘విప్రనారాయణ’కు (1954) కూడా ఆయనే సంగీతం చేశారు. అంటే ఇద్దరు పట్టుదల మనుషులు ఒకరినొకరు భరించగలిగారన్న మాట.

ఈ ఇద్దరి మధ్య పేరు వినిపించని మనిషి ఒకాయన ఉన్నారు, అద్దేపల్లి రామారావు. బాణీ రాజేశ్వరరావుదైతే, దానికి వాద్యాల కూర్పు చూసింది ఆయన. పాట వింటున్నప్పుడు వెనకాల వచ్చే వయొలిన్లు, వేణువు ఎక్కడ లేవాలో ఎక్కడ తగ్గాలో చూసుకునే పని అది. ఆరు నెలలపాటు ఒక సంగీత దర్శకుడి మనసు మారినప్పుడల్లా కాగితాలు మార్చి రాయడం ఎలా ఉంటుందో ఊహించుకోండి. మల్లీశ్వరి పాటలంటే ప్రాణం పెట్టేవాళ్లలో ఎంతమందికి ఆయన పేరు తెలుసు?

రాజేశ్వరరావు గురించి నాలుగు మాటలు చెప్పాలి. విజయనగరం వైపు సాలూరు దగ్గర శివరామపురం సొంతూరు. పిల్లవాడుగా ఉన్నప్పుడే, 1930ల్లో గ్రామఫోన్ కంపెనీ ఆయన చేత భగవద్గీత పాడించింది. 1935లో ‘శ్రీకృష్ణ లీలలు’లో కృష్ణుడు వేశారు. కలకత్తా వెళ్లి సైగల్, పంకజ్ మల్లిక్‌ల సంగీతాన్ని దగ్గర నుంచి చూశారు. 1948లో జెమినీ వారి ‘చంద్రలేఖ’కు పెద్ద వాద్యబృందంతో పనిచేశారు. ఇంత విద్య ఉన్న మనిషికి మూడీ అన్న పేరు కూడా అంతే గట్టిగా ఉండేది. మనసుకు నచ్చకపోతే లేచి వెళ్లిపోతారని పరిశ్రమలో భయం. అలా లేచిపోయిన సందర్భాల్లో అన్నిటికంటే పెద్దది ‘మాయాబజార్’.

ఈ సినిమాలో గుంటూరు జిల్లా వాటా లెక్కపెడితే ముచ్చటేస్తుంది. నిర్మాతల్లో ఒకరైన చక్రపాణిది తెనాలి. శశిరేఖ వేసిన సావిత్రిది చిర్రావూరు. బలరాముడు గుమ్మడిది తెనాలి దగ్గర రావికంపాడు. ఘటోత్కచుడి విందు పాట పాడిన మాధవపెద్ది సత్యానిది పొన్నూరు దగ్గర బ్రాహ్మణకోడూరు. దర్శకుడు కె.వి.రెడ్డి మాత్రం తాడిపత్రి మనిషి. సంగీతానికి మొదట కుదుర్చుకున్నది రాజేశ్వరరావునే. 1955లో ఇదే విజయా వారి ‘మిస్సమ్మ’కు ఆయన చేసిన పాటలు ఊరూరా మోగాయి మరి.

ఆయన నాలుగు పాటలకు బాణీలు కట్టారు. శ్రీకరులు, లాహిరి, చూపులు కలిసిన, నీకోసమే... ఇవీ ఆ నాలుగు. కట్టి, తప్పుకున్నారు. ఎందుకన్న దానికి సినిమా వాళ్లు రకరకాల కథలు చెబుతారు. వాటి జోలికి మనం వెళ్లొద్దు. సగం పని ఆగిపోయింది, సినిమా మాత్రం ఆగడానికి లేదు. అదీ సంగతి.

అప్పుడు ఆ పని ఘంటసాల చేతికి వచ్చింది. ఒక్క నిమిషం ఆయన స్థానంలో కూర్చుని చూడండి. మీరు కూడా సంగీత దర్శకుడే. ‘పాతాళ భైరవి’ (1951) మీ చేతి సంగీతమే. మీ బాణీలు మీకున్నాయి. ఇంకొకరు సగంలో వదిలేసిన సినిమా ఇది. ఆయన కట్టిన నాలుగూ పక్కన పెట్టేసి కొత్తగా మొదలుపెడతానంటే కాదనేవారు ఎవరు? ఘంటసాల ఆ పని చేయలేదు. నాలుగు బాణీలూ అలాగే ఉంచారు. వాద్యాలు అమర్చారు, రికార్డు చేశారు. వాటిలో మూడు యుగళగీతాలను లీలతో కలిసి తానే పాడారు కూడా. మిగిలిన పాటలకు తన బాణీలు కట్టారు.

ఇంకొకరి బాణీకి నగిషీ చెక్కడం తేలిక కాదు. సొంత పాటలో తప్పు దొర్లితే తప్పు మనదే. పక్కవాడి పాట చెడిపోతే ‘ఆయన ఉంటేనా...’ అంటారు. బాగుంటే ‘ఆయన బాణీ కదా’ అంటారు. రెండు విధాలా నష్టమే. అయినా ఘంటసాల రాజీ పడలేదు. ఈ సినిమాలో తాను పాడిన ఒక పాటకు 28 టేకులు తీసుకున్నారని గాయని లీల తర్వాతి కాలంలో గుర్తుచేసుకున్నారు.

28 టేకులంటే ఏమిటో ఈ తరం పిల్లలకు చెప్పాలి. ఇప్పుడు గాయకుడు ఒక రోజు వచ్చి పాడతాడు, తబలా ఇంకో రోజు. తప్పొచ్చిన చోట ముక్క కత్తిరించి అతికిస్తారు. అప్పుడు అందరూ ఒకే హాల్లో, ఒకేసారి. గాయకులు, వయొలిన్లు, వీణ, తబలా, వేణువు... పాట మొదటి నుంచి చివరిదాకా తప్పు లేకుండా సాగాలి. చివరి చరణంలో ఎవరో ఒకరు తడబడితే మళ్లీ మొదటికి. అంటే ఒకరి పట్టుదలకు 28 సార్లు కష్టపడింది హాలు మొత్తం. ఏసీ హాయి, టీ బ్రేకుల సుఖం అంతంతమాత్రమైన రోజుల్లో!

విజయా సంస్థలో ఈ తిక్కలన్నీ భరించిన చక్రపాణి తక్కువవాడేం కాదు. అసలు పేరు ఆలూరి వెంకట సుబ్బారావు. శరత్ నవలలను బెంగాలీ నుంచి తెలుగు చేసినవాడు, ‘చందమామ’ నడిపినవాడు. ముక్కుసూటి మనిషి. ‘మిస్సమ్మ’లో ముందు నాయిక భానుమతే. నాలుగు రీళ్లు తీశాక ఒక రోజు షూటింగుకు ఆలస్యంగా వచ్చారు. చక్రపాణి క్షమాపణ అడిగారు. ఆమె చెప్పనన్నారు. తీసిన రీళ్లు తగలబెట్టించి సావిత్రిని పెట్టుకున్నారు. తెనాలి పౌరుషానికీ ఒంగోలు పౌరుషానికీ మధ్య నాలుగు రీళ్లు కాలిపోయాయి! తన పట్టుదల వల్ల పరిశ్రమకు ఒక సావిత్రి దొరికిందని భానుమతి తర్వాత నవ్వుతూ చెప్పుకునేవారు.

అలాంటి చక్రపాణి, మధ్యలో వదిలేసి పోయిన సంగీత దర్శకుణ్ని ఏం చేసి ఉండాలి? మళ్లీ గుమ్మం తొక్కనివ్వకూడదు కదా! కానీ 1959లో ఇదే విజయా సంస్థ నుంచి ‘అప్పు చేసి పప్పుకూడు’ వచ్చింది. సంగీతం... సాలూరి రాజేశ్వరరావు. నటి ఆలస్యాన్ని సహించని మనిషి బాణీల మనిషికి తలుపు తీశారు. భానుమతికి ఒక న్యాయం, రాజేశ్వరరావుకు ఒక న్యాయమా అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఆడవాళ్ల పట్టుదలను పొగరనీ, మగవాళ్ల పట్టుదలను మేధావితనమనీ అనడం మన ఇళ్లలోనూ ఉన్నదే.

సముద్రాల అవతలా ఇదే తంతు. బీటిల్స్ తొలి ఆల్బం కోసం 1963 ఫిబ్రవరి 11న ఒక్క రోజులో 10 పాటలు రికార్డు చేశారు. గొంతులు బొంగురుపోయినా ఆగలేదు. అదే బృందం 1966 చివర్లో మొదలుపెట్టిన ‘సార్జంట్ పెప్పర్’కు దాదాపు 700 గంటలు పట్టాయి. ఈ మూడు, నాలుగేళ్లలో వాళ్లకు పేరొచ్చింది, డబ్బొచ్చింది. ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోయే రికార్డింగ్ పద్ధతి బాగా వంటబట్టింది. ఇక ఎవరూ తొందరపెట్టే వీల్లేదు. పాపం డ్రమ్ముల రింగో స్టార్! తన వంతు అయిపోయాక మిగతావాళ్ల చెక్కుడు పని ముగిసేదాకా కూర్చోవాలి. ఆ ఆల్బం పేరు చెబితే తనకు గుర్తొచ్చేది చదరంగం నేర్చుకోవడమేనని తర్వాత చెప్పాడు. 1968లో తర్వాతి ఆల్బం నడుస్తుండగా, వాళ్ల అరుపులు పడలేక ఇంజినీరు జెఫ్ ఎమెరిక్ మధ్యలోనే పని వదిలేసి వెళ్లిపోయాడు. కొన్ని వారాలకు రింగో కూడా అలిగి వెళ్లాడు. బతిమాలి పిలిస్తే తిరిగొచ్చాడు. వచ్చేసరికి డ్రమ్ములన్నీ పూలతో అలంకరించి ఉన్నాయి. గూడు కట్టించడం కన్నా పూలు పెట్టడం చవక, ఫలితమూ ఎక్కువే!

మద్రాసులో ఒకే హాలు పద్ధతి వల్ల ఒక మేలుండేది. తిక్కకు ఒక హద్దు ఉండేది. 30 మంది వాద్యకారులను కూర్చోబెడితే కాల్షీటు లెక్కన డబ్బులివ్వాలి. మధ్యాహ్నానికి భోజనం పెట్టాలి. ఎంత పెద్ద సంగీత దర్శకుడైనా ఆ ముప్పై మొహాలు చూస్తూ చెక్కుకోవాలి. వాద్యం పక్కన వాద్యం విడివిడిగా దాచుకునే యంత్రం వచ్చాక ఆ మొహాలు కనిపించడం మానేశాయి. ఆక్సిల్ రోజ్‌కు అన్నేళ్లు పట్టడానికి తిక్క ఒక్కటే కారణం కాదని నా అనుమానం. ఎదురుగా ఆకలితో కూర్చున్న వాద్యకారులు లేకపోవడం కూడా కారణమే.

ఇక్కడ మన పొన్నెకల్లు గురించి చెప్పకపోతే తప్పవుతుంది. గుంటూరుకు కూతవేటు దూరంలో ఉన్న ఆ ఊరు ఇద్దరిని ఇచ్చింది. ఒకరు బుర్రకథ పితామహుడు షేక్ నాజర్. రెండోవారు సంగీత దర్శకుడు చక్రవర్తి. అసలు పేరు కొమ్మినేని అప్పారావు. రాజేశ్వరరావుది ఎంత నిదానమో ఈయనది అంత వేగం. తొమ్మిది వందలకు పైగా సినిమాలు! ‘వేటగాడు’, ‘ప్రేమాభిషేకం’ ఆయనవే. దర్శకుడు సందర్భం చెబుతుండగానే బాణీ తయారయ్యేదని పేరు. నిర్మాతలకు కొంగు బంగారం. వాద్యకారులకు రోజూ పని. నిజాయతీగా చెప్పాలంటే ఆ తొమ్మిది వందల్లో చాలా పాటలు సినిమాతోపాటే వెళ్లిపోయాయి. రాజేశ్వరరావు పాటలు అలా పోలేదు. కానీ ఏళ్ల తరబడి ఎంతోమంది ఇళ్లలో పొయ్యి వెలిగించింది ఏ పాటలు అని అడిగితే నేను చక్రవర్తి వైపే చెయ్యి చూపిస్తాను. ‘శారద’ (1973) పాటలు వింటే, తీరిక ఇస్తే ఆయన కూడా చెక్కగలరని తెలుస్తుంది.

విచిత్రం ఏమిటంటే, రాజేశ్వరరావు కుమారుడు కోటి పని నేర్చుకున్నది ఈ చక్రవర్తి దగ్గరే. తర్వాత టి.వి.రాజు గారబ్బాయి రాజ్‌తో కలిసి రాజ్-కోటిగా 1980లు, 90ల్లో తెలుగు పాటను ఏలారు. ఆ జంట దగ్గర దిలీప్ అనే కుర్రాడు కీబోర్డు వాయించేవాడు. పెద్దగా మాట్లాడేవాడు కాదు. 1992లో ‘రోజా’ వచ్చాక ఆ కుర్రాడు ఏఆర్ రెహమాన్ అని దేశమంతా తెలిసింది. ఆయన పాటలు చాలావరకు రాత్రుళ్లే పుడతాయి. గాయకులు అర్ధరాత్రి దాటాక స్టూడియోకు వెళ్లి తెల్లారాక ఇంటికి రావడం ఆయన దగ్గర మామూలు. ఆ రాత్రుళ్లు గేటు దగ్గర కాపలా కాసేవాడు, తలుపు తీయడానికి మెలకువగా ఉన్న ఇల్లాళ్లు... వాళ్ల పేర్లు ఏ క్యాసెట్ అట్ట మీదా ఉండవు.

అన్నట్టు, మాయాబజార్ తెర మీద సంగీతం దగ్గర ఒక్క ఘంటసాల పేరే ఉంటుంది. రాజేశ్వరరావు పేరు లేదు. నాలుగు బాణీలు ఎవరివో ఎన్నో ఏళ్లు సినిమా పత్రికలు చదివేవాళ్లకు, పాటల పిచ్చివాళ్లకు మాత్రమే తెలుసు. ఇందులో ఎవరికి అన్యాయం జరిగిందో చెప్పడం కష్టం. బాణీ కట్టి పేరు పోగొట్టుకున్నాయనకా? పేరు దక్కినా, అందులో సగం పొగడ్త వేరేవాళ్లదని లోపల ఎరిగిన ఆయనకా? ఘంటసాల సంగీతం నేర్చుకున్నది విజయనగరంలో పట్రాయని సీతారామశాస్త్రి దగ్గర. ఆ గురువుగారిదీ సాలూరే. సాలూరు గురువు దగ్గర నేర్చిన విద్య, సాలూరు మనిషి వదిలిన పాటల్ని ఒడ్డుకు చేర్చింది.

ఈసారి ఏ చిలకలూరిపేట పెళ్లిలోనో, నరసరావుపేట రిసెప్షన్‌లోనో లాహిరి పాట వినిపిస్తే కాసేపు భోజనం ఆపి వినండి. గొంతుల వెంట వెళ్లే బాణీ ఒకరిది. ఆ గొంతులు ఊపిరి తీసుకునే చోట, వెనక నుంచి అలలా వచ్చి పడవను ముందుకు తోసే వాద్యాల వరస ఇంకొకరిది.